రెండూ ఒకటేనన్నారాయన

బందరులో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది ఒక్కటే ప్రహరీ గోడ. పక్కింటాయన్ని నేను మావయ్యగారూ అనీ, ఆయన భార్యని అత్తయ్యగారూ అనీ పిలిచేదాన్ని. చుట్టరికమేమీ లేదు. వాళ్లు క్రైస్తవులు, మేము హిందువులం. ఆయన కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కాలేజీలో కంటే చర్చిలోనే ఆయనకి పేరు ఎక్కువ. క్వయర్‌లో పాట మొదలయ్యే ముందు శ్రుతి ఇచ్చేది ఆయనే. కీబోర్డు ముట్టుకోకముందే నోటితో ఒక్క స్వరం పలికేవారు. మిగతావాళ్లంతా దాన్ని అందుకునేవాళ్లు. ఎవరి గొంతు కాస్త జారినా ఆయన తల తిప్పి చూసేవారట. ఏమీ అనకుండా ఊరికే చూసేవారట.

నాకు గుడివాడలో వినికిడి పరీక్షల సెంటర్ ఉంది. చెవులు పరీక్ష చేసి, అవసరమైనవాళ్లకి చెవి మిషన్లు అమరుస్తాను. పొద్దున్నే ప్యాసింజర్ రైల్లో వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తాను. అక్కడ జనం నన్ను చెవుల డాక్టరమ్మ అంటారు. నేను డాక్టర్ని కానని మొదట్లో చెప్పేదాన్ని. తర్వాత చెప్పడం మానేశాను.

మావయ్యగారి హాల్లో ఒక గోడ పొడవునా రికార్డులు ఉండేవి. వయొలిన్ కచేరీలు, నాదస్వరం, పరదేశపు చర్చి సంగీతం, పాత తెలుగు భజనలు, క్రైస్తవ గీతాలు అన్నీ కలిపి. పక్కనే బరువైన పాత ఆంప్లిఫయర్, రికార్డు ప్లేయరు, ఆయన నడుమంత ఎత్తున్న స్పీకర్లు. ఆదివారం ఆరాధన అయ్యాక క్వయర్‌లోవాళ్లు కొందరు ఆయన ఇంటికొచ్చేవాళ్లు. అత్తయ్యగారు కాఫీ, గారెలు పెట్టేవారు. ఆయన ఒక రికార్డు తీసి, అట్టలోంచి జాగ్రత్తగా జార్చి, అంచులు పట్టుకుని ప్లేయర్ మీద పెట్టేవారు. ముల్లు దించాక ఎవరూ మాట్లాడకూడదు. నేనూ మా ఆయనా కూడా చాలా ఆదివారాలు వెళ్లి కూర్చునేవాళ్లం.

మా ఆయనకి ఈ మధ్యే ఒక పిచ్చి పట్టుకుంది. ఇంటర్నెట్‌లోంచి పాటల్ని ఏమాత్రం నాణ్యత తగ్గకుండా వినిపించే చిన్న పెట్టె ఒకటి కొన్నారు. అది తెచ్చిన దగ్గర్నించీ ఆదివారాలు వాదనలు మొదలయ్యాయి.

“రికార్డులో గరగరలు తప్ప ఏముందండీ? గాడి అరిగేకొద్దీ శబ్దం చచ్చిపోతుంది. ఇందులో ఎన్నిసార్లు విన్నా అదే పాట, అదే నాణ్యత,” అనేవారు మా ఆయన.

“నీ పాట ఇస్త్రీ చేసిన చొక్కాలాంటిది అల్లుడూ. మడత ఉండదు, మరక ఉండదు. ఒంటిమీదేసుకుంటేగానీ చొక్కా కాదు కదా! రికార్డులో మనిషి వాసన ఉంటుంది,” అనేవారు మావయ్యగారు.

అందరూ నవ్వేవాళ్లు. ఆ వాదనలో పట్టుదల ఎవరికీ ఉండేది కాదు. దానికి పట్టుదల తెచ్చింది నేను.

ఒకరోజు గారె తుంచుకుంటూ నేనే అన్నాను: “కళ్లతో చూస్తూ వింటే మనసు మోసం చేస్తుందండీ. ఏది మోగుతోందో తెలియకుండా వినాలి. అప్పుడు తేలుతుంది. మా చదువులో ఇలాంటి పరీక్షలు చేస్తాం.”

మావయ్యగారు వెంటనే సై అన్నారు. “వచ్చే ఆదివారం పెట్టమ్మా. నేను తప్పు చెప్తే ఈ గోడంతా ఖాళీ చేస్తాను,” అన్నారు. ఆ మాట అందరూ విన్నారు. ఆయన సరదాకే అన్నారనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున వాళ్లు చర్చికి వెళ్లిన సమయంలో తాళంచెవి తీసుకుని నేను వాళ్లింట్లో అన్నీ అమర్చాను. ఒక వయొలిన్ కచేరీ రికార్డు ఎంచుకున్నాను. అదే కచేరీ మా ఆయన పెట్టెలో కూడా దొరికింది. ముందు రికార్డు పెట్టి చూశాను, మోగింది. తర్వాత పెట్టె తీగ తగిలించబోతే, ఆంప్లిఫయర్ వెనకాల దానికోసం ఉన్న సాకెట్ సముద్రపు గాలికి తుప్పుపట్టి వదులైపోయి ఉంది. పక్కనే పాతరోజుల్లో టేప్ రికార్డరు కోసం పెట్టిన సాకెట్ శుభ్రంగా ఉంటే అందులో గుచ్చాను. శబ్దం రాలేదు. ముందువైపు ‘టేప్’ అని రాసిన చిన్న బటన్ కనిపించింది. నొక్కాను, పాట వచ్చింది. సంతోషించాను. ఇక ముందున్న గుండ్రటి నాబ్ ఒకవైపు తిప్పితే రికార్డు, ఇంకోవైపు తిప్పితే పెట్టె అనుకున్నాను. రెండూ ఒకేసారి మొదలుపెట్టి, మధ్యలో నాబ్ తిప్పుతూ అడగడమే నా పథకం. ఆ బటన్ లోపలికే ఉండిపోయింది.

మావయ్యగారు మాకు వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నారు. ఆరాధనకి వేసుకున్న తెల్ల చొక్కా అలాగే ఉంది. క్వయర్‌వాళ్లు గోడవారగా నిలబడ్డారు. రికార్డు మీద ముల్లు దించి, అదే క్షణంలో పెట్టెలో పాట మొదలుపెట్టాను. కాసేపయ్యాక నాబ్ అటు తిప్పి, “ఇది ఒకటో నంబరు,” అన్నాను. ఇటు తిప్పి, “ఇది రెండు,” అన్నాను. పాట ఎక్కడా తెగలేదు. నా చేతి ఒడుపు చూసి నాకే ముచ్చటేసింది.

ఆయన చాలాసేపు విన్నారు. “ఇంకోసారి,” అన్నారు. తిప్పాను. “ఇంకోసారమ్మా.” మళ్లీ తిప్పాను. ఆయన మెడ కొంచెం ముందుకు వంగింది.

ఒకచోట చెయ్యెత్తి ఆపారు. “ఇక్కడ టిక్కుమనాలే! ఈ రికార్డుకి ఇక్కడ గీత ఉంది. ఒకటిలో రాలేదు, రెండులోనూ రాలేదు.”

“పొద్దున నేను మెత్తటి గుడ్డతో తుడిచానండి,” అన్నాను. తుడిచిన మాట నిజమే. గీత పడిన చోట శబ్దం తుడిస్తే పోదని నాకు తెలియదు. కానీ తెలిసినట్టే చెప్పాను.

“ఓహో,” అన్నారాయన. మళ్లీ విన్నారు. చివరికి కుర్చీలో వెనక్కి వాలి, “రెండూ ఒకటేనమ్మా. నాకేం తేడా తెలియటంలేదు,” అన్నారు.

ఎవరో చప్పట్లు కొట్టారు. మా ఆయన, “చెప్పానా మావయ్యగారూ!” అన్నారు. నవ్వులు లేచాయి. ఆయన కూడా నవ్వుతూ లేచి మాకేసి తిరిగారు. అత్తయ్యగారు మాత్రం కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. రికార్డు ప్లేయర్ మీద అలా తిరుగుతూనే ఉంది. ఎవరూ ముల్లు ఎత్తలేదు. నేనే వెళ్లి ఎత్తాను.

ఆ మరుసటి వారం ఆయన గుడివాడ వచ్చారు. నాకు ముందు చెప్పలేదు. మిగతా పేషెంట్లతో పాటు బెంచీ మీద కూర్చుని, వంతొచ్చాక లోపలికొచ్చారు. “చెవులు చూడమ్మా,” అన్నారు. గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష చేశాను. లావు శబ్దాలు బాగానే అందుతున్నాయి. సన్నని శబ్దాల దగ్గరికొచ్చేసరికి పరీక్ష కాగితం మీద గీత కిందికి జారింది. డెబ్బై దాటిన వాళ్లలో చాలామందికి అంతే.

“మీ వయసుకి ఇది మామూలేనండీ. సన్నని శబ్దాలు కొన్ని ఇక అందవు. ఆరోజు తేడా తెలియకపోవడానికి కారణం అదే,” అని చెప్పాను.

ఆయన హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. “మరి ఇన్నేళ్లూ తేడా ఉందనుకున్నదో?”

అప్పుడు నేను అన్న మాట ఇప్పటికీ నన్ను వదలదు. నవ్వుతూనే అన్నాను, మెత్తగానే అన్నాను. “తేడా చాలామందికి మనసులోనే ఉంటుందండీ, చెవిలో కాదు.”

ఆయన తలూపారు. ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు. స్టేషన్ దాకా ఆటో ఎక్కించి పంపాను. వయసొచ్చిన మనిషికి నిజం నొప్పి తెలియకుండా చెప్పానన్న తృప్తితో వెనక్కొచ్చి, తర్వాతి పేషెంట్‌ని పిలిచాను.

తర్వాతి ఆదివారం వాళ్లింట్లో పాట వినిపించలేదు. ఆ పైవారమూ అంతే. ఆయన క్వయర్‌లోంచి తప్పుకున్నారని మా ఆయన ఎక్కడో విని చెప్పారు. “నా చెవులు మునపటిలా లేవు, నేనిచ్చే శ్రుతి నమ్ముకుని మీరు పాడటం బాగుండదు,” అన్నారట. ఎంతమంది బతిమాలినా వినలేదట. ఆయన స్థానంలో ఒక టీచరమ్మని పెట్టారు.

నేను వెళ్లి అడగాల్సింది. అడగలేదు. నాకు అప్పుడే లోపల ఏదో గుచ్చుకుంది. కానీ శ్రుతి పట్టడానికి కావలసిన స్వరాలన్నీ ఆయనకి చక్కగా వినపడుతున్నాయని, పరీక్షలో తేలింది కూడా అదేనని గోడ పక్కనుంచి ఒక్క మాట చెప్పడానికి నాకు తీరిక దొరకలేదు. తీరిక అంటున్నాను గానీ, ఆయన మొహం చూడాలంటే జంకు.

ఎండాకాలం మొదట్లో వాళ్లింటి ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. అత్తయ్యగారి తమ్ముడి కొడుకు అవనిగడ్డలో కొత్తగా ఫ్యామిలీ రెస్టారెంట్ పెట్టాడు. రికార్డులన్నీ అతనికి ఇచ్చేశారు. ప్లేయరూ స్పీకర్లూ మాత్రం హాల్లోనే మిగిలాయి. ఆ సాయంత్రం మావయ్యగారు మా గుమ్మంలోకొచ్చి, “ఆంప్లిఫయర్ నువ్వు తీసుకోమ్మా. పాడుబెట్టడం దేనికి? అల్లుడి పెట్టెకి పనికొస్తుంది,” అన్నారు. వద్దని రెండుసార్లు అన్నాను. మూడోసారి తీసుకున్నాను. మా ఆయన మోసుకొచ్చి, జాగా లేక, మేడమీద గదిలో పెట్టారు.

వానాకాలంలో మా టీవీ స్పీకర్లు పాడయ్యాయి. ఒక ఆదివారం పొద్దున మా ఆయన ఆ ఆంప్లిఫయర్ కిందికి దించి, దుమ్ము దులిపి, తన పెట్టెకున్న స్పీకర్లూ టీవీ తీగా దానికి తగిలించారు. నాబ్ ఎటు తిప్పినా శబ్దం లేదు. గొణుక్కుంటూ అన్నీ తడిమి చూశారు. తర్వాత, “ఇదిగో దొంగ,” అన్నారు.

నేను వంటింట్లో ఉన్నాను. “ఏంటి?” అన్నాను.

“ఈ టేప్ బటన్ లోపలికి నొక్కి ఉందే. ఇది నొక్కి ఉంటే ఈ నాబ్ అలంకారమే. ఎటు తిప్పినా టేప్ సాకెట్‌లో ఉన్నదే మోగుతుంది. అంతే, ఇంకేదీ రాదు.”

చేతిలో గరిటెతో అలాగే హాల్లోకొచ్చాను. “ఎటు తిప్పినా అదేనా?”

“ఎటు తిప్పినా.”

ఆయనకి వెంటనే తట్టలేదు. నాకు తట్టింది. పాట ఒక్కసారి కూడా తెగకపోవడం గుర్తొచ్చింది. ఒక చేత్తో ముల్లు దించి, ఇంకో చేత్తో పెట్టె మొదలుపెట్టి, రెంటినీ రవ్వంతైనా తేడా లేకుండా కలపడం ఏ మనిషి తరమూ కాదు. నేను కలపలేదు. కలపడానికి అక్కడ రెండు లేవు. ఆ మధ్యాహ్నమంతా ఆ హాల్లో మోగింది పెట్టె ఒక్కటే. ఒకటో నంబరూ అదే, రెండో నంబరూ అదే. టిక్కు రాకపోవడానికి కారణం నా గుడ్డ కాదు. అందరి మధ్యా కూర్చుని, పరువు పోతుందని తెలిసీ, “రెండూ ఒకటే” అన్న మనిషి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ గదిలో సరిగ్గా విన్నది ఆయనొక్కరే. ఆ చెవులు పనికిరావని చెప్పింది నేను.

మా ఆయనకి చెప్పాను. ఆయన చేతిలో తీగ కింద పెట్టారు. “ఇప్పుడు చెప్పి ఏం లాభం? పైగా పరీక్షలో వినికిడి తగ్గినమాట నిజమేగా. నువ్వు అబద్ధమేం చెప్పలేదు,” అన్నారు. నన్ను ఊరడించడానికే అన్నారు. ఆ మాటతోనే నేను కొన్ని వారాలు నెట్టుకొచ్చాను. ప్రహరీకి అటువైపు ఆయన మొక్కలకి నీళ్లు పోస్తుంటే నేను ఇటువైపు పెరట్లోకి వెళ్లడం మానేశాను. రైలెక్కితే గుడివాడ దాకా అదే ఆలోచన. సెంటర్లో ఎవరికైనా “మీ వయసుకి ఇది మామూలే” అని చెప్పబోయి, పరీక్ష మళ్లీ మొదటినుంచి చేసేదాన్ని.

చెప్పకుండా ఉండటం నావల్ల కాదని తేలింది. కానీ వట్టిచేతులతో వెళ్లి చెప్పే ధైర్యమూ లేదు. ముందు రికార్డులు వెనక్కి తెద్దామనుకున్నాను. అది పిరికితనమే. అప్పుడు మాత్రం ప్రాయశ్చిత్తమనే అనుకున్నాను.

ఒక సెలవురోజు అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి దివిసీమలోకి దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. రెస్టారెంటు మెయిన్ రోడ్డు మీదే ఉంది. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడంతా నల్లటి చక్రాలు. రికార్డులు. ఒక్కోదానికీ గాడుల మీదుగా రెండేసి స్క్రూలు బిగించి ఉన్నాయి. వాటి అట్టలు అద్దాల ఫ్రేముల్లో ఉన్నాయి. టేబుల్ దగ్గర కూర్చుంటే వెయిటరు తెచ్చి పెట్టిన అప్పడాల గిన్నె నల్లగా, అంచులు పువ్వులా వంగి ఉంది. అడుగున గుండ్రటి లేబులు చూశాక అది ఏమిటో అర్థమైంది. రికార్డుని వేడినీళ్లలో మెత్తబరిచి గిన్నెలా వంచారు.

నేను అప్పడం ముట్టుకోలేదు. యజమాని కోసం అడిగాను. అత్తయ్యగారి మేనల్లుడే వచ్చాడు. ముప్పైలోపు మనిషి, మర్యాదస్తుడు. పక్కింటిదాన్నని చెప్పగానే, “అయ్యో, కూచోండక్కా! భోంచేసి వెళ్లాలి,” అన్నాడు.

“ఆ రికార్డులు వెనక్కి కావాలి బాబూ,” అన్నాను.

అతని మొహం తెల్లబోయింది. “మావయ్య అడిగాడా?”

“లేదు. ఆయనకి తెలియదు. నావల్ల ఒక పొరపాటు జరిగింది. అందుకే ఆయన ఇచ్చేశారు.”

అంతా చెప్పాను. అతను తల దించుకుని విన్నాడు. “నేను అడిగానక్కా మావయ్యని. ఇలా గోడకి పెడతాను, ఫర్వాలేదా అన్నాను. వినేవాడు లేనప్పుడు గోడకుంటేనేం, గూట్లో ఉంటేనేం అన్నాడు. నాకప్పుడే చిత్రంగా అనిపించింది. ఆ గోడ దగ్గరికి చిన్నప్పుడు మమ్మల్ని రానిచ్చేవాడు కాదు.”

మధ్యాహ్నం రద్దీ తగ్గాక అతనే స్క్రూడ్రైవర్ తెచ్చాడు. ఇద్దరం కలిసి గోడమీదివి ఒక్కొక్కటే విప్పాం. స్క్రూలు దిగినవి ఇక ఎందుకూ పనికిరావు. అయినా విప్పాం. మెట్ల కింద అట్టపెట్టెల్లో ఇంకా వాడనివి ఉన్నాయి. అదృష్టం కొద్దీ సగానికి పైగా అలాగే ఉన్నాయి. ఫ్రేముల్లోంచి అట్టలు తీసి ఇచ్చాడు. గిన్నెలు కూడా ఇవ్వబోయాడు. “వద్దు బాబూ, అవి ఆయన కంట పడకూడదు,” అన్నాను. తన కారులోనే పెట్టెలు పెట్టి బందరు దాకా దింపాడు. దారిపొడవునా, “నేను కనుక్కోవలసింది,” అని అతను అంటుంటే, నా తప్పులో అతనికీ వాటా అంటించానే అనిపించింది.

మర్నాడు పొద్దున వెళ్లాను. అత్తయ్యగారు వరండాలో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తున్నారు. మావయ్యగారు పేపరు చదువుకుంటున్నారు. నేను మెట్టు మీదే కూర్చుని చెప్పాను. సాకెట్, బటన్, నాబ్, రెండు నంబర్లూ ఒకటే కావడం, తుడిచానని నేను చెప్పిన మాట. ఏదీ దాచలేదు. మా ఆయన కనిపెట్టి ఎంతకాలమైందో కూడా చెప్పాను.

ఆయన పేపరు మడిచారు. “అయితే ఆరోజు నేను సరిగ్గానే విన్నాను,” అన్నారు.

“సరిగ్గానే విన్నారండి. మీరొక్కరే.”

“ఆ టిక్కు...”

“నేను తుడవటం వల్ల కాదండి. అసలు రికార్డే మోగలేదు.”

ఆయన ముఖంలో సంతోషంలాంటిది వచ్చి, నిలవకుండా పోయింది. నేనేదో అనబోయేలోపు అత్తయ్యగారు రొయ్యల గిన్నె పక్కకి తోసి లేచారు.

“నీకు తెలుసా అమ్మాయ్, ఈ మనిషి ఇన్ని నెలలూ ఎలా ఉన్నాడో? ఆదివారం వెనక బెంచీలో కూర్చుని పెదాలు కదుపుతాడుగానీ గొంతు బయటికి రానివ్వడు. నేను కూర మాడిపోతోందని పిలిచినా, నిజంగా వినపడిందో లేదో అని నాకేసి అనుమానంగా చూస్తాడు. చెవుల డాక్టరమ్మ చెప్పిందే అంటాడు, నేనేం చెప్పినా. పరాయివాళ్లు చెప్తే నమ్మేవాడు కాదు. నువ్వు కాబట్టి నమ్మాడు.”

“పోనీలేవే,” అన్నారు మావయ్యగారు.

“ఏం పోనీలే? నీకు పోనీలే. నాకు కాదు.” ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. వంటింట్లో కుళాయి చాలాసేపు ధారగా పడుతూనే ఉంది.

నేను కళ్లు తుడుచుకుంటుంటే ఆయన లేచి నిలబడి, “ఏడవకమ్మా. ఆంప్లిఫయర్ ఉందిగా మీ ఇంట్లో? పట్రమ్మను అల్లుణ్ని. ఆ పరీక్ష మళ్లీ పెట్టు,” అన్నారు.

అవనిగడ్డ నుంచి తెచ్చిన రికార్డుల పెట్టెలు కూడా ఆయన హాల్లో దించి, ఆ మధ్యాహ్నమే పెట్టాం. ఈసారి తుప్పుపట్టిన సాకెట్‌ని మా ఆయన గీకి బాగుచేశారు. బటన్ బయటికి వచ్చేలా నొక్కింది నేనే. రెండిటి శబ్దమూ ఒకే స్థాయిలో ఉందో లేదో మీటరు పెట్టి సరిచూశాను. ఒకటి రవ్వంత గట్టిగా మోగినా చెవి దానివైపే మొగ్గుతుంది. మొదటిసారి ఆ జాగ్రత్త కూడా తీసుకోలేదని అప్పుడే గుర్తొచ్చింది. ఆ వయొలిన్ రికార్డు అవనిగడ్డ గోడమీద స్క్రూలు దిగినవాటిలో ఉంది. అందుకని పెట్టెలోనూ దొరికే ఇంకో కచేరీ తీసుకున్నాం.

ఆయన మళ్లీ వీపు తిప్పి కూర్చున్నారు. నాబ్ తిప్పీ తిప్పగానే, “ఇది రికార్డు,” అన్నారు. తిప్పాను. “ఇది అల్లుడిది.” తిప్పకుండా ఊరికే ఆగి, “ఇప్పుడు?” అన్నాను. “తిప్పలేదుగా నువ్వు,” అన్నారు. ఎలా తెలుస్తోందని అడిగాను. రికార్డులో పాట వెనకాల ఎప్పుడూ ఒక చప్పుడు ఉంటుందనీ, ఖాళీ గదిలో ఎవరో ఉన్నట్టు ఉంటుందనీ చెప్పారు. నేను పరీక్ష చేసిన ఆ సన్నని శబ్దాలతో దానికి అంత పని లేదు. అది లావు శబ్దం, అడుగున పరుచుకుని ఉండేది.

ఇక మా ఆయన ఆగలేక అడిగారు. “సరే మావయ్యగారూ, తెలిసింది. మరి ఏది బాగుంది?”

“అల్లుడిది పెట్టమ్మా ఇంకోసారి,” అన్నారాయన. పెట్టాను. కళ్లు మూసుకుని విన్నారు. “ఇదే బాగుందోయ్. తంబురా చూడు, చివరిదాకా నిలబడింది. నా రికార్డులో అది గరగరలో కలిసిపోయింది. ఇన్నేళ్లూ ఈ కచేరీలో తంబురా ఇంత బాగుంటుందని నాకు తెలియదు.”

మా ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను. మొదటి ఆదివారమే సరిగ్గా చేసి ఉంటే ఆయన అందరి ముందూ తేడా పట్టేవారు. పట్టి, ఇలాగే, “అల్లుడిదే బాగుంది” అని తనే ఒప్పుకునేవారు. ఓడిపోయినట్టు ఉండేది కాదు. గోడ నిండుగా ఉండేది, పెట్టె కూడా పక్కనే ఉండేది.

తర్వాత ఆయన పాత క్రైస్తవ గీతాల రికార్డు ఒకటి తీసి తనే పెట్టుకున్నారు. అది పెట్టెలో దొరకదు, ఇంకెక్కడా దొరకదు. దాన్ని దేనితోనూ పోల్చలేదు. చివరిదాకా విన్నాం.

వెళ్లబోతూ నేను అన్నాను: “మావయ్యగారూ, వచ్చే ఆదివారం నేను చర్చికి వస్తాను. ఆరోజు ఎవరెవరు ఉన్నారో వాళ్లందరికీ నేనే చెప్తాను. మళ్లీ మీరు...”

ఆయన చెయ్యి అడ్డంపెట్టారు. “వద్దమ్మా.”

“తప్పు నాదండీ. చెప్పకపోతే నాకు...”

“నీకు తేలికవుతుంది. ఒప్పుకుంటాను. ఆ టీచరమ్మ సంగతి చూడు. మొదట్లో గొంతు వణికేది ఆ పిల్లకి. ఇప్పుడిప్పుడే ధైర్యంగా శ్రుతి ఇస్తోంది. నువ్వొచ్చి, పెద్దాయన చెవులు బాగానే ఉన్నాయండోయ్ అంటే, ఆ పిల్ల ఆ నిమిషమే కుర్చీ ఖాళీ చేస్తుంది. మర్యాదస్తురాలు. నేను కూర్చోనంటే మిగతావాళ్లు ఊరుకోరు. ఎందుకీ గొడవ?”

“మరి మీ పేరు?”

“పాడతానుగా. వెనక బెంచీలోంచైనా పాడతాను. అది చాలు.”

నా తప్పు చెప్పుకునే దారి కూడా ఆయన మూసేశారు. అది శిక్ష అని ఆయన అనుకోలేదు. నాకు మాత్రం అలాగే ఉంది. ఆరోజు చప్పట్లు కొట్టినవాళ్లు మార్కెట్లో కనిపిస్తే, “పాపం, పెద్దాయనకి చెవులు బొత్తిగా పోయాయట కదా,” అంటారు. ఆయన వద్దన్న మాటకి కట్టుబడి, “లేదండీ, బాగానే వినపడుతుంది,” అని మాత్రం అంటాను. అంతకుమించి చెప్పను. వాళ్లు జాలిగా నవ్వి వెళ్లిపోతారు.

మావయ్యగారి హాల్లో ఇప్పుడు గోడ సగమే నిండి ఉంది. ఆంప్లిఫయర్ మళ్లీ అక్కడికే చేరింది. మా ఆయన తన పెట్టెలాంటిదే ఇంకోటి కొని ఆయనకిచ్చారు. రోజూ పొద్దున పెట్టెలో, సాయంత్రం రికార్డు మీద ఏదో ఒకటి వింటారు. ఆదివారం మనుషులు మాత్రం రావడం మానేశారు. ఆయన మళ్లీ పిలవలేదు.

నేను వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెడతారు, కొత్తగా దొరికిన కచేరీ గురించి చెప్తారు. అత్తయ్యగారు కాఫీ తెచ్చి టీపాయ్ మీద పెడతారు. ఇదివరకు చేతికిచ్చేవారు. పక్కన కూర్చుని మా అమ్మ మోకాళ్లెలా ఉన్నాయని అడిగేవారు, ప్రహరీ మీంచి రొయ్యల ఇగురు అందించేవారు. మేము ఇంట్లో వండమని, మా ఆయనొక్కరి కోసం, చిన్న గిన్నెలో. ఇప్పుడా గిన్నె రావడం లేదు. పలకరిస్తే నవ్వుతారు. అడిగినదానికి జవాబు చెప్తారు. “బాగున్నావా అమ్మాయ్” అనే ఆవిడ, ఇప్పుడు నన్ను “మీరు” అంటున్నారు.